ఏడూ నలభై బస్సు వచ్చేలోపు

దయ్యాలను నమ్మనివాళ్ళలో రెండు రకాలుంటారు. పైకి నమ్మమని చెప్పి, చీకటి పడితే దొడ్లోకి వెళ్ళడానికి తోడు పిలిచేవాళ్ళు ఒక రకం. ఆ కబుర్లు వినీ వినీ విసుగొచ్చి నమ్మడం మానేసినవాళ్ళు రెండో రకం. నేను రెండో రకం.

నిజామాబాద్‌లో పదహారేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దీనికేదో పట్టింది మేడం" అంటూ నా షాపుకి మోసుకొచ్చిన డబ్బాలన్నీ విప్పి చూశాను. ఒకదాంట్లో బల్లి చచ్చి పడి ఉంది. ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి. పసుపు కమీషన్ దుకాణం నుంచి వచ్చినదాంట్లో ఫ్యాను రెక్కల మీద పసుపు పొడి గడ్డకట్టుకుపోయింది. ఒక బడిలో కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతోందని పిల్లలు ఆ గదిలోకి రావడమే మానేస్తే, వెళ్ళి ప్లగ్గు గట్టిగా నొక్కి వచ్చాను. దయ్యం మాత్రం ఎక్కడా దొరకలేదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నది చదివి నవ్వుకునేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ఇంకొకరెవరైనా చెప్పి ఉంటే నేనే ముందు నవ్వేదాన్ని. నా కోపమంతా ముందు ఒక మేనేజర్ మీద, తర్వాత నా మీద. రాయడం పూర్తయ్యేసరికి ఈ వరస తారుమారు కావచ్చు కూడా.

ఇది పోయిన చెరకు సీజన్ నాటి సంగతి. ఎడపల్లి దాటి బోధన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక ప్రైవేటు చక్కెర మిల్లువాళ్ళ చెరకు కేంద్రం ఉంది. మిల్లు పేరు రాయను. రెండు గదుల రేకుల షెడ్డు, ఒక లారీ కాంటా, ఒక గేటు. గేటుకు ఎదురుగా రోడ్డవతల బస్సు ఆగుతుంది.

ఆ షెడ్డులో ఒకే ఒక కంప్యూటర్ ఉండేది. ఆ రోజు ఎవరెవరి చెరకు కొట్టాలో తెలిపే కోత చీటీలు పొద్దున్నే దాంట్లోంచే అచ్చయి రావాలి. మిల్లు గేటు దగ్గర ఆ చీటీని మిషన్‌తో చదివితేనే బండి లోపలికి పోతుంది. చేత్తో రాసిస్తే చెల్లదు. చీటీ లేనిదే నాందేడ్ వైపు నుంచి వచ్చిన కోత ముఠాలు కత్తి ఎత్తవు. పక్వానికొచ్చిన చెరకు నిలబడ్డ చోటే ఎండుతుంది, ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది. పొద్దున ఆ డబ్బా లేవకపోతే నష్టపోయేది రైతు.

దాని ఆపరేటర్ రుక్మిణి. ముప్పై ఏళ్ళుంటాయి, ఊరు ఎడపల్లి. భర్త చనిపోయాడు. ఇంట్లో తల్లి, నాలుగో తరగతి చదివే కూతురు, వాళ్ళకు ఆధారం ఈ ఉద్యోగం. అంతకు ముందు రెండు సీజన్లూ ఆమే చూసుకుంది. ఆ రెండు సీజన్లలో అక్కణ్ణుంచి నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఆ సీజన్‌కు మేనేజర్ కొత్తగా వచ్చాడు. ఆయన ఉదయం ఏడింటికే వచ్చి కూర్చునే మనిషి. రుక్మిణి వచ్చేది ఏడూ నలభై బస్సుకి.

మేనేజర్ ఫోన్ చేసి, కంప్యూటర్ ఒకసారి లేస్తోంది, ఒకసారి లేవట్లేదు అన్నాడు. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. బీప్ ఉండదు. ఇరవైసార్లు నొక్కినా అంతే. ఉన్నట్టుండి ఒకసారి ఏమీ జరగనట్టు లేస్తుంది. మా పనిలో అన్నిటికంటే చిరాకు పెట్టేది ఇదే. పూర్తిగా చచ్చిన మిషన్ మంచిది, ఎక్కడ చచ్చిందో చెబుతుంది.

మొదటిసారి పదకొండింటికి వెళ్ళాను. పదిహేనుసార్లు ఆపి మళ్ళీ వేశాను, పదిహేనుసార్లూ లేచింది. ర్యామ్ తీసి దాని కాళ్ళను రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. గుండీ బ్యాటరీ మార్చాను. దుమ్ము ఊదేశాను. సంతకం పెట్టించుకుని వచ్చేశాను. మర్నాడు ఏడింటికి ఫోన్.

రెండోసారి పవర్ సప్లయి మార్చాను. మర్నాడు ఏడింటికి మళ్ళీ ఫోన్. మూడోసారి డబ్బాను షాపుకే తెచ్చేశాను. మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేస్తూ ఆపుతూ, లేచినప్పుడల్లా నోట్‌బుక్కులో ఒక టిక్కు పెట్టాను. ఒక్కసారి కూడా మొరాయించలేదు. సాయంత్రం తీసుకెళ్ళి బిగించి వస్తే, పొద్దున ఏడింటికి మళ్ళీ లేవలేదు.

అయితే లోపం షెడ్డు కరెంటులో ఉందనుకున్నాను. ఎర్తింగ్ గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు పోయించి నీళ్ళు కొట్టించాను. వైర్లు మార్చాను. అయినా అంతే. చివరికి కరెంటుతో సంబంధమే లేకుండా నా షాపు ఇన్వర్టర్‌ను, బ్యాటరీని ఆటోలో వేసుకెళ్ళి దానిమీద నడిపి చూశాను. ఏడింటికి తెర నలుపే.

నాకు కోపం వస్తే మాట తగ్గిపోతుంది, పని ఎక్కువవుతుంది. ఆ తర్వాతిసారి షాపులో ఉన్న మంచి సామానంతా ఒక అట్టపెట్టెలో సర్దుకుని, మంచులో శాలువా చుట్టుకుని స్కూటీ మీద ఆరున్నరకే చేరాను. ఏడింటికి నొక్కితే లేవలేదు. మదర్‌బోర్డు మార్చాను. ర్యామ్ మార్చాను. తెర మార్చాను. హార్డ్ డిస్క్ పూర్తిగా పీకేశాను, అసలు లోపం దాని దాకా పోనే లేదు గనక. చివరికి బటన్ కూడా వదిలేసి బోర్డు మీది రెండు మొనలను స్క్రూడ్రైవర్‌తో కలిపాను. పాతది అనడానికి ఆ బల్ల మీద రేకు డబ్బా తప్ప ఏమీ మిగల్లేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగా ఉంది.

ఏడూ నలభైకి బస్సు ఆగింది. రుక్మిణి దిగి రోడ్డు దాటి వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, సంచిని మేకుకు తగిలించింది. ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. విసుగుతో నేను ఇంకోసారి ఆ మొనలు కలిపాను. బీప్ అంది. తెర వెలిగింది.

మేనేజర్ నా వైపు చూశాడు. నన్ను పక్క గదిలోకి పిలిచి మెల్లగా చెప్పాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆమె ఏదో చేసి పోతోందట, పొద్దున వచ్చి సరిచేస్తోందట. తను లేకపోతే కేంద్రం నడవదని చూపించుకోవడానికట.

ఆమె దేన్నీ ముట్టుకోలేదని నేను కళ్ళారా చూశాను. పైగా ఆ బల్ల మీద ఉన్న సామాను నాది, రాత్రంతా నా షాపులో తాళం వేసి ఉన్నది. ఇంత తెలిసీ తల ఊపాను. ఎందుకంటే నా దగ్గర ఇంకో జవాబు లేదు. మిషన్‌లో కారణం దొరకనప్పుడు మనిషి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

"మీరు ఆడవాళ్ళు కదా మేడం, సంచి మీరే చూస్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు మేనేజర్.

చూశాను. మేకు నుంచి సంచి తీసి, ఆమె ఎదురుగానే బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టాను. జొన్నరొట్టెల డబ్బా. మిరపకాయ తొక్కు. నీళ్ళ సీసా. బస్సులో చూపించే ఆధార్ కార్డు. కూతురిదనుకుంటా, పిన్ను ఊడిన రిబ్బను. రొట్టెల డబ్బా మూత కూడా తీసి చూశాను. మాగ్నెట్టో, చిన్న చిప్పో ఉంటుందని నా ఉద్దేశం.

"ఏం దేవులాడుతున్నవ్ మేడం? చెప్తే నేనే తీసిస్త గద" అంది రుక్మిణి.

ఆమె గొంతు పెరగలేదు. వస్తువులన్నీ ఆమే మళ్ళీ సంచిలో పెట్టుకుంది, రొట్టెల మీద మూత వేసి రెండుసార్లు నొక్కింది.

తర్వాత చేసిన పని చెప్పాలంటే మా సర్వీసు పుస్తకం గురించి చెప్పాలి. రిపేరుకు వెళ్ళిన ప్రతిచోటా ఒక కాగితం నింపి అసలుది వాళ్ళకిస్తాం, కార్బన్ నకలు మా దగ్గర ఉంటుంది. దాంట్లో "లోపానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. పదహారేళ్ళలో ఆ గడిని నేను ఖాళీగా వదల్లేదు, తెలియదని రాయలేదు. షాపు పెట్టిన కొత్తలో వచ్చినవాళ్ళు నా తల మీదుగా లోపలికి తొంగిచూసి మెకానిక్ ఎక్కడ అని అడిగేవాళ్ళు. నేనే అంటే నవ్వేవాళ్ళు. మగ మెకానిక్ తల గోక్కుంటే ఆలోచిస్తున్నాడంటారు, నేను గోక్కుంటే రాదంటారు. అందుకని తెలియదు అనే మాటను నా నోట్లోంచే తీసేశాను. అది గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఆ గడిలో ఇలా రాశాను: "యంత్రంలో లోపం లేదు. ఆపరేటర్ జోక్యం వల్ల కావచ్చు." 'కావచ్చు' అని రాశాను కదా, అబద్ధం కాదు కదా అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే రుక్మిణిని రావద్దన్నారు. కారణం అడిగితే మేనేజర్ నా కాగితం చూపించాడట.

మర్నాటి నుంచి కంప్యూటర్ ఏ వేళకీ లేవలేదు. ఏడింటికి లేదు, పదింటికి లేదు, సాయంత్రం లేదు. ఆ అమ్మాయి పోతూ పోతూ ఏదో చేసిందని మేనేజర్ అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. మూడో రోజు నా షాపు బల్ల మీద రోజూ నేను వాడుకునే డబ్బానే తీసుకెళ్ళాను. పొద్దున షాపులో వేసి చూసి, ఆపి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాను. దాన్ని రుక్మిణి జన్మలో చూసి ఉండదు. ఆ షెడ్డులో అదీ లేవలేదు. వెనక్కి తెచ్చి షాపులో నొక్కితే లేచింది. షట్టర్ సగం దించి చాలాసేపు కూర్చున్నాను.

వేరే చోట పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మిల్లుకు కలిపే లైను ఆ షెడ్డుకే ఉంది, మార్చాలంటే సీజన్ అయ్యాక చూద్దామని పైవాళ్ళు చెప్పారట. ఎప్పటికీ ఆపకుండా ఉంచవచ్చు కదా అనవచ్చు. ఎలాగో ఒకసారి లేస్తే కదా ఉంచడం. పైగా అక్కడ రోజూ తెల్లవారుజామున కరెంటు పోతుంది, యూపీఎస్ ఇరవై నిమిషాలకు మించి నిలవదు.

నాలుగో రోజుకి గేటు దగ్గర రైతులు గుమిగూడారు. వాళ్ళలో వెంకట్రావు గారని ఒక పెద్దాయన ఉన్నారు. కాలువ నీళ్ళ కోసం వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఎనిమిదెకరాల చెరకు కోతకు నిలబడి ఉంది. ఆయన అరవలేదు. నన్ను పక్కకు పిలిచారు.

"మిషన్ సంగతి నాకు తెలీదమ్మా. ఆ అమ్మాయి చెయ్యి మంచిదండీ. మా తోటల్లో మొదటి ముచ్చె వాళ్ళమ్మ చేతే పెట్టిస్తాం, మా నాన్న నాటి నుంచీ" అన్నారు.

చెరకు నాటేటప్పుడు మొదటి గడ ముక్కను మంచి చేయి ఉన్న మనిషితో సాలులో పెట్టించడం అక్కడ కొందరి ఆనవాయితీ. నాకు ఒళ్ళు మండింది. చేతి మంచితనంతో కంప్యూటర్లు లేచేట్టయితే నేను ఈ మీటర్లు, స్క్రూడ్రైవర్లు మోసుకు తిరగడం దేనికి? పైగా ఈ మంచి చేయి, చెడ్డ చేయి గోల నాకు బాగా తెలుసు. పొద్దున్నే ఆడమనిషి చేతి బోణీ ఏమిటని నా షాపు మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళున్నారు. అయినా ఆయన బండి మీదే ఎడపల్లి వెళ్ళాను. క్షమాపణ అడగడానికి వెళ్ళానని రాస్తే బాగుంటుంది. కానీ వెళ్ళింది ఏం చేశావో చెప్పమని నిలదీయడానికే.

రుక్మిణి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

"మల్ల సంచి జూడనీకి వచ్చినవా?"

నేను అడగాల్సింది అడిగాను.

"నేనేం జేసిన? పొద్దుగాల పోయి బటన్ ఒత్తిన. లేసింది. రెండేండ్లు గదే జేసిన. గిప్పుడు నా మీద దొంగ పేరు పెట్టిన్రు. బడిల నా బిడ్డను అడుగుతున్నరు, మీ అమ్మ ఏం ఎత్కపోయిందని."

లోపల్నుంచి వాళ్ళమ్మ ఏదో అనబోతే చేత్తో వారించింది. ఒక్కసారి వచ్చి ముట్టుకుని చూపించమని అడిగాను. రానంది. గేటు లోపలికి అడుగు పెట్టనంది. వెంకట్రావు గారు నచ్చజెప్పారు, లోపలికొద్దు, రోడ్డు దాకా రమ్మన్నారు. ఆమె చాట తీసి లోపల పెట్టి వచ్చింది.

"రోడ్డు సర్కారుది. రోడ్డు మీద నిలవడ్త" అంది.

పట్టపగలు, పన్నెండు దాటింది. ఆమె రోడ్డవతల బస్సు ఆగే చోట, కేంద్రానికి వీపు పెట్టి నిలబడింది. ఆమెకూ మిషన్‌కూ మధ్య రోడ్డు, గేటు, కాంటా, ఒక గోడ ఉన్నాయి. నేను లోపలికెళ్ళి నొక్కాను. బీప్ అని లేచింది. మేనేజర్ కుర్చీలోంచి లేచాడు.

ఆపేశాను. ఆమెను కాలువ వంతెన దాకా తీసుకెళ్ళమని వెంకట్రావు గారికి చెప్పాను. బండి వెళ్ళాక నొక్కితే తెర నల్లగా ఉంది.

ఇక్కడే నా పదహారేళ్ళ అనుభవానికి రోషం వచ్చింది. ఒకటి రెండుసార్లు కలిసిరావచ్చు. అందుకని ఆయనకు ఒక కాగితమిచ్చాను. తన ఇష్టమొచ్చినట్టు ఆమెను వంతెన దగ్గరో, బస్సు ఆగే చోటో ఉంచి, ఎప్పుడు ఎక్కడున్నదీ ఫోన్‌లో టైము చూసి రాయమన్నాను. నాకు చెప్పొద్దన్నాను. నేను కిటికీ మూసి, రోడ్డుకు వీపు పెట్టి, పది నిమిషాలకోసారి నొక్కి, లేచిందీ లేవనిదీ రాసుకున్నాను. లేచిన ప్రతిసారీ వెంటనే ఆపేశాను. బండి చప్పుడు నాకు వినపడి ఉండొచ్చు కదా అంటారేమో. లారీల మోతలో వినపడలేదు. వినపడినా, మదర్‌బోర్డుకు చెవులు లేవు.

తొమ్మిదిసార్లు నొక్కాను. తర్వాత రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఆమె బస్సు ఆగే చోట ఉన్న ఐదుసార్లూ లేచింది. వంతెన దగ్గరున్న నాలుగుసార్లూ లేవలేదు. మేనేజర్ ఆ కాగితాలను రెండుసార్లు వేలు పెట్టి చదివాడు. నా ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, దాచడం దేనికి.

అప్పుడైనా ఆ మనిషి రోడ్డు దాటి వెళ్ళి ఆమెతో ఒక మంచి మాట అంటాడనుకున్నాను. గేటు దగ్గరే నిలబడి, మళ్ళీ తీసుకుంటాం, జరిగినదానికి క్షమాపణ కోరుతున్నట్టు ఒక కాగితం రాసివ్వమనండి అని వెంకట్రావు గారితో కబురు చెప్పించాడు.

"ఎవలు రాయాలె? నేనా?" అంది రుక్మిణి. రోడ్డు ఇవతలికి వినపడేలా అంది. "నా తప్పు లేదని ఆయన రాసియ్యాలె. రాసిస్తే రేపే వస్త."

నేనెలా రాస్తాను, రిపోర్టు రాసింది మేడం కదా అన్నాడు మేనేజర్. అందరూ నా వైపు చూశారు. కోత ముఠాను నడిపే ముకద్దం ఒకడు, తెలుగు సగమే తెలిసినవాడు, వాడు కూడా చూశాడు.

కాంటా గట్టు మీద కూర్చుని సర్వీసు పుస్తకం తెరిచాను. ఆ గడిలో రాశాను: "యంత్రంలో లోపం లేదు. ఆపరేటర్ తప్పు లేదు. కారణం తెలియదు." కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. మేనేజర్ చదివి వెనక్కిచ్చేశాడు.

"కారణం తెలియదని పైకి ఎలా పంపను మేడం? ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు రాసే మాటేనా ఇది?"

ఆపరేటర్ వల్ల కావచ్చు అంటే కళ్ళకద్దుకుని పైకి పంపినవాడు, తెలియదు అంటే పుచ్చుకోనన్నాడు. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. అవి ఇక్కడ రాసేవి కావు. అన్న కొద్దీ నాకు తెలుస్తూనే ఉంది, ఆ అలవాటు ఆయనకు చేసింది నాలాంటివాళ్ళే. కార్బన్ నకలు చింపుకుని రోడ్డు దాటి రుక్మిణికి ఇచ్చాను.

ఆమె నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది.

"గీ ముక్క ఆ దినమే రాస్తే అయిపోవు గదక్కా" అంది.

అంతవరకూ మేడం అన్నది అప్పుడు అక్కా అంది. నా మీద నాకు ఇంకా ఎక్కువ మండింది.

ఆమె మళ్ళీ అక్కడ పనికి వెళ్ళలేదు. వారం తిరక్కుండా బోధన్‌లో ఒక జిరాక్స్ షాపులో చేరింది. ఆమె చేరిన రోజు నుంచే ఇంకో విడ్డూరం మొదలైందని వెంకట్రావు గారు ఫోన్ చేసి చెబితే, చూద్దామని ఒక పొద్దున వెళ్ళాను.

ఏడున్నరకి ఎడపల్లి నుంచి షేర్ ఆటో వచ్చింది. రుక్మిణి దిగి, రోడ్డవతల బస్సు ఆగే చోట సంచి పట్టుకుని నిలబడింది, కేంద్రానికి వీపు పెట్టి. షెడ్డులో మేనేజర్ మఫ్లర్ చుట్టుకుని, బటన్ పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఆటో ఆగడమే ఆలస్యం, నొక్కాడు. లేచింది. ఏడూ నలభైకి బస్సు వచ్చింది, ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. ఒకరినొకరు చూసుకోలేదు. ఒకసారి లేస్తే మిషన్ సాయంత్రం దాకా నడిచేది. చీటీలు అచ్చయ్యాయి, ముఠాలు కదిలాయి.

సీజన్ అంతా అలాగే సాగింది. ఒక రోజు ఆయన కాంటా దగ్గర లారీ డ్రైవర్‌తో గొడవ పడుతుంటే బస్సు ముందుగా వచ్చేసిందట. చెప్పులు ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా వదిలి షెడ్డులోకి పరుగెత్తాడట. నొక్కేసరికి బస్సు వంతెన దాటిపోయింది. ఆ రోజు చీటీలు లేవు, పైవాళ్ళకు ఏం చెప్పుకున్నాడో తెలియదు. అప్పుడు కూడా రోడ్డు దాటి ఆమెతో మాట్లాడలేదు, ఆమె అడిగిన ఆ ఒక్క కాగితం రాయలేదు.

నాకు తట్టిన సంగతి ఇంకొకటి. ఆ ఏడూ నలభై బస్సు ఎడపల్లి మీదుగానే వస్తుంది. ఊళ్ళోనే ఎక్కి కూర్చుంటే తిన్నగా బోధన్‌లో దిగవచ్చు. మరి చలిలో ముందుగా బయల్దేరి, ఆటోలో ఇరుక్కుని, ఇక్కడ దిగి, పది నిమిషాలు నిలబడి మళ్ళీ ఎక్కడం దేనికి? రైతుల చెరకు ఎండిపోకూడదని చేస్తోందనుకున్నాను. అంత మంచితనం ముందు నిలబడటానికి సిగ్గేసి, చాలా రోజులు ఆ వైపే పోలేదు.

సీజన్ చివరి రోజున వెళ్ళాను. రోడ్డవతల ఆమె పక్కన నిలబడి అడిగేశాను.

"చెరుకు కోసమనుకుంటున్నవా?" అంది. "గది గూడ ఉన్నది. పెద్దాయన మొకం జూసి. గని అక్కా, గా మనిషి ఉరుకుడు సూడాలె నాకు. నన్ను దొంగ అన్నోడు రోజు నా కోసం గడియారం జూస్కుంట కూసుంటడు. ఎన్కకు తిరిగి సూడకున్నా నాకు తెలుస్తది. గా సంబురానికే ఇక్కడ దిగుత."

వెనక షెడ్డులో బీప్ వినపడినట్టనిపించింది. అంత దూరం వినపడదని నాకు తెలుసు.

ఎడపల్లి వైపు నుంచి బస్సు వస్తూ కనిపించింది. ఆమె సంచి తెరిచి నా ముందు పట్టింది.

"సూడు. గిప్పుడు గూడ ఏం లేదు."

చూడనన్నాను. సూడు అంది మళ్ళీ. రొట్టెల డబ్బా, నీళ్ళ సీసా, ఆధార్ కార్డు ఉన్నాయి. వాటి పక్కన ప్లాస్టిక్ కవర్లో మడిచిన నా కార్బన్ కాగితం ఉంది. మడతల దగ్గర నలిగి ఉంది, చాలామందికి విప్పి చూపించినట్టు. ఆమె సంచి మూసుకుని బస్సెక్కింది.

ఆ పాత డబ్బా ఇప్పుడు నా షాపులోనే ఉంది, మిల్లువాళ్ళు కొత్తది తెచ్చుకుంటామని పారేశారు. రోజూ నొక్కుతాను, రోజూ లేస్తుంది. హైదరాబాద్‌లో నాకు పని నేర్పిన పెద్దవాళ్ళను అడిగాను. చలికి టంకం ముడుచుకుని ఉంటుందని ఒకరు, గాలిలో తేమ అని ఒకరు అన్నారు. ఒకసారి లేవకపోవడానికైతే ఆ జవాబులు చాలు. ఆ రెండు కాగితాల్లోని తొమ్మిదిసార్లకు చాలవు. దయ్యమని కూడా నేను అనను. అక్కడ ఎవరూ చావలేదు. రుక్మిణి బోధన్‌లో నిక్షేపంగా జిరాక్సులు తీస్తోంది.

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. పదహారేళ్ళలో ఆ గడిలో తెలియదు అని నేను రాసిన కాగితం అదొక్కటే. మేనేజర్ పుచ్చుకోలేదు కాబట్టి అసలుది నా పుస్తకంలోనే ఉంది. నకలు ఆమె సంచిలో ఉంది.